ఎవరి ఫొటోకి ఎంత వెలుగు

మొగుడు తాగినన్నాళ్ళూ టేపమ్మకి సీసా మీద కుళ్ళు. మానేశాక ఆ కుళ్ళుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమెను టేపమ్మ అని పిలిచేది కర్టెన్ల కొట్లో వాళ్ళు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు అక్కడ లేరు. గుడ్డ కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి. మాట కూడా అలాగే కత్తిరించి పడేసేది. మొగుడు దూరపు బస్సుల డ్రైవరు. రాత్రంతా బండి నడిపి పొద్దున్నే ఇంటికొచ్చి, కిటికీలకి ఆమె కుట్టిన తెరలే మూసుకుని, సీసా మూత తీసేవాడు. గొడవ చేసే రకం కాదు. కొట్టింది లేదు, తిట్టింది లేదు. గ్లాసు ముందు పెట్టుకుని, లోకంలో ఇంకేమీ లేనట్టు దాని వంకే చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపుకే ఆమెకి ఒళ్ళు మండేది.

"నాలుగు తిట్టినా బాగుండేదమ్మా, నేనొకదాన్ని ఉన్నానని తెలిసినట్టుండేది" అనేది పక్కింటావిడతో.

సీసాని సీసా అనేది కాదు. "అది" అనేది. "అదొచ్చిందా ఇంటికి?" "అదింకా ఎంత మిగిలుంది?" అచ్చం సవతిని గురించి అడిగినట్టే ఉండేది. పక్కింటావిడ మొదట్లో నిజంగానే ఎవరో ఆడమనిషి అనుకుని బుగ్గలు నొక్కుకుంది కూడా.

ఒకరోజు డ్యూటీ ఎక్కబోతుంటే డిపో గేటు దగ్గర గొట్టంలో ఊదించారు. మెషీను గొల్లుమంది. స్టీరింగు లాక్కుని అతన్ని బస్సులు కడిగే షెడ్డులో వేశారు. తోటి డ్రైవర్ల బళ్ళకి బురద కడగాల్సి రావడంతో అతను తల ఎత్తుకోలేకపోయాడు. తనంతట తనే ఆస్పత్రికి పోయి చేరాడు. వణుకు, చెమటలు, లేనిపోని కలవరింతలు. టేపమ్మ కొట్టుకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. అతను కళ్ళు తేటపడి ఇంటికొచ్చిన రోజున ఇల్లంతా తుడిచి, ఖాళీ సీసాలన్నీ బయటపడేసి, "పీడ విరగడైంది" అనుకుని నడుం వాల్చింది.

పీడ విరగడైన ఇంట్లోకి డాక్టరమ్మ వచ్చింది. మనిషి రాలేదు, మాట వచ్చింది.

ఆవిడ మందులు రాసే డాక్టరు కాదు. మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. తాగుడు మానినవాళ్ళ మెదడు నెలలు గడిచేకొద్దీ ఎలా కోలుకుంటుందో చూడటం ఆవిడ పని. ఆస్పత్రిలోనే అతన్ని అడిగారట, మా పరిశోధనకి వస్తారా అని. సరేనన్నాడు. వారం వారం వెళ్ళి ప్రశ్నలకి జవాబులు చెప్పి, మధ్యమధ్యలో ఓ పెద్ద గొట్టం లాంటి మెషీనులో పడుకుని రావాలి.

వెళ్ళొచ్చిన రోజున అతను వేరే మనిషి. ఇంట్లో ఉలుకూ పలుకూ లేని వాడికి నోరు ఎక్కడినుంచి వచ్చిందో గాని, కూతురిని కూర్చోబెట్టి ఒకటే చెప్పడం.

"మెదడు ముందు భాగం ఉందే, అది బండికి బ్రేకులాంటిదట. మందు ఏళ్ళ తరబడి దాన్ని అరగదీస్తుందట. మానేస్తే మెల్లమెల్లగా మళ్ళీ పట్టు వస్తుందట. డాక్టరమ్మ చెప్పింది."

"బ్రేకు కొత్తది వేయరా నాన్నా?" అని నవ్వింది పదో తరగతి పిల్ల.

"స్పేరు పార్టు దొరకదటే. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలట. అదీ డాక్టరమ్మే చెప్పింది."

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న టేపమ్మకి ఆ "డాక్టరమ్మ చెప్పింది" అన్నప్పుడల్లా కత్తి కాస్త గట్టిగా పడేది. తాగుడు మానమని ఆమె చెప్పని రోజు లేదు. అప్పుడు ఆ మాటలు ఏ చెవికీ ఎక్కలేదు. ఎవరో వచ్చి బ్రేకు అనేసరికి వేదవాక్కయింది!

అయినా పళ్ళబిగువున ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది వంతెన దగ్గర.

ముగ్గురూ అన్నాలకి కూర్చున్నారు. అతను పిల్లతో ఏదో చెబుతూ చెబుతూ, "వంతెన సంగతి చెబుతుంటే డాక్టరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం" అన్నాడు.

"ఏ వంతెన?" అంది టేపమ్మ.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అదేనే... నీకు చెప్పలేదూ?"

"లేదు."

"ఎప్పటి సంగతో. పొగమంచులో బ్రేకు పడలేదు. బస్సు వెళ్ళి వంతెన రెయిలింగుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏం కాలేదులే. లోపల జనం నిద్రే లేవలేదు. ఆ వారంలోనే మొదలెట్టాను, తాగడం. చేతుల వణుకు ఆగేది కాదు."

పిల్ల తల్లి మొహం వంక, తండ్రి మొహం వంక చూసి, కంచం పట్టుకుని మెల్లగా లేచిపోయింది.

టేపమ్మ చేతిలోని ముద్ద కంచంలో పడేసింది. అన్నేళ్ళ కాపురం. ఎందుకు తాగుతున్నారని ఏడ్చి అడిగింది, ఒట్లు పెట్టించుకుని అడిగింది, పుట్టింటికి పోతానని బెదిరించి అడిగింది. "ఏం లేదు, ఊరికే" అనేవాడు. ఆ ఊరికేలో ఒక వంతెన ఉంది. దాన్ని ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి చెప్పి, ఆవిడ చేత కన్నీళ్ళు పెట్టించి వచ్చాడు. ఇన్నాళ్ళూ దాచిపెట్టి ఆవిడ కోసమే ఉంచినట్టు!

"ఆవిడ ఎలా ఉంటుంది?" అంది చివరికి.

"ఎవరు?"

"మీ డాక్టరమ్మ."

"ఎలా ఉండటమేంటి? మనిషిలా ఉంటుంది" అన్నాడు అమాయకంగా. ఆ జవాబు ఆమెకి ఏమాత్రం నచ్చలేదు.

తర్వాతి వారం అతను ఇంకో కబురు తెచ్చాడు. ఈసారి మెషీనులో పడుకోబెట్టి బొమ్మలు చూపిస్తారట. గ్లాసులు, సీసాలు, కుర్చీలు, చెట్లు, మధ్యలో ఇంట్లోవాళ్ళ ఫొటోలు. ఏది చూసినప్పుడు మెదడులో ఏ చోటు ఎంత చురుగ్గా పనిచేస్తుందో కంప్యూటరు పట్టేస్తుందట. "నీదీ పిల్లదీ ఫొటోలు ఇవ్వమన్నారు" అన్నాడు.

టేపమ్మ బీరువాలో ఉన్న ఫొటోలన్నీ మంచం మీద పరిచింది. పెళ్ళినాటిది మరీ బెదురుగొడ్డులా ఉంది. పిల్ల పుట్టినప్పటిదాంట్లో నిద్రలేక కళ్ళు లోతుకి పోయాయి. మొన్నటిదాంట్లో మెడలో టేపు. ఏదీ పనికొచ్చేలా లేదు. అవతల పోటీ తళతళలాడే గ్లాసుతో! మర్నాడు మధ్యాహ్నం కొట్లో ఏదో సాకు చెప్పి, జుట్టు దువ్వించుకుని, కొత్త బట్టలు కట్టుకుని స్టూడియోకి పోయింది.

"పాస్‌పోర్టుకా మేడమ్?" అన్నాడు స్టూడియో ఆయన.

"కాదు."

"మరి దేనికి? దాన్నిబట్టి లైటు పెడతాను."

ఏం చెబుతుంది? "కాస్త బాగా తియ్యండి చాలు" అంది చెవులు ఎర్రబడగా. నవ్వమంటే నవ్వింది. ఆ నవ్వుతో పాటు, చూడు ఇక నీ సంగతి అన్న పట్టుదల కూడా పడింది, ఫొటోలో.

మెషీనులో పడుకొచ్చిన రోజున మొగుడు చెప్పులు విప్పకముందే ఎదురెళ్ళింది. "నా ఫొటో చూపించారా?"

"ఆఁ."

"ఎంత వెలిగింది?"

"ఏంటి వెలిగేది?"

"మెదడు! నన్ను చూసినప్పుడు ఎంత, దాన్ని చూసినప్పుడు ఎంత?"

"అవన్నీ మనకి చెప్పరే. అయినా నాకేం తెలుస్తుంది, చెవులు చిల్లులు పడేలా ఆ మోత. కళ్ళు తెరిచి పడుకున్నాను, అంతే."

"అంతేనా! ఫొటో బాగుందని కూడా అనిపించలేదా?"

ఆమె గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. తేల్చుకోవాల్సింది ఇక్కడ కాదని ఆ క్షణమే తేలిపోయింది.

పరిశోధనశాల ఆస్పత్రి వెనక భవనంలో ఉంది. పొడుగాటి వసారా, ఒకేలాంటి తలుపులు, ఎక్కడో ఫ్రిజ్ గుర్రుమంటున్న చప్పుడు. టేపమ్మ ఊహించుకున్న డాక్టరమ్మ వేరు. పొడుగు, తెలుపు, మెత్తటి నవ్వు. తీరా తలుపు తీసినావిడ పొట్టిగా, చెదిరిన జుట్టుతో, సగం కొరికిన బ్రెడ్డు ముక్క చేత్తో పట్టుకుని ఉంది. అందగత్తె కాదు. కాకపోయేసరికి టేపమ్మకి ఇంకా కష్టమేసింది. అందానికే పడిపోయాడనుకుంటే మగబుద్ధి అని సరిపెట్టుకోవచ్చు. ఇప్పుడు దేనికని సరిపెట్టుకోవాలి?

"మీరు డ్రైవరు గారి ఆవిడ కదూ! రండక్కా, కూర్చోండి" అంది డాక్టరమ్మ బ్రెడ్డు పక్కన పెట్టేస్తూ.

అక్కట అక్క! సవతి వచ్చి చెల్లెలి వరస కలిపినట్టే ఉంది. టేపమ్మ కుర్చీ అంచున కూర్చుంది. బల్ల మీద ప్లాస్టిక్ మెదడు ఒకటి ముక్కలు ముక్కలుగా ఊడదీసి ఉంది.

"సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన మెదడులో నేను ఎక్కువా, మందు ఎక్కువా?"

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వుంటే టేపమ్మ లేచి వచ్చేసేదే.

"అక్కా, నిజం చెబుతున్నాను. ఒక్క మనిషి బొమ్మ చూసి అలా చెప్పలేం. ఎంతోమందివి కలిపి చూస్తే గాని మాకే ఏదీ తేలదు. ఇంకోటి, మెదడులో వెలగడమంటే ప్రేమ కాదు." ప్లాస్టిక్ మెదడులోంచి లోపలి ముక్క ఒకటి తీసి వేలితో చూపించింది. "ఇదిగో, ఈ లోపల చిన్న చోటుంది. ముఖ్యమైనదేదో ఎదురైతే అటు చూడు, అటు చూడు అని గంట కొడుతుంది. తాగగా తాగగా మందు ఈ గంటని తన చేతిలోకి తీసుకుంటుంది. చివరికొచ్చేసరికి చాలామందికి మందంటే ఇష్టం కూడా ఉండదు. అయినా గంట మోగుతుంది, కాళ్ళు అటే పోతాయి."

"ఇష్టం లేకుండా కావాలనిపించడమేంటి?"

"అదే మేమూ కనుక్కుంటున్నది."

టేపమ్మ కాసేపు ఆ ముక్క వంకే చూసింది. చేతిలో పట్టుకుంటే గుప్పెట్లో దాగిపోయేంత ఉంది. దీని కోసమా నా బతుకంతా పోయింది అనిపించింది.

"తాగేవాళ్ళతో ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళని కూడా ఇప్పుడు చూస్తున్నాం" అంది డాక్టరమ్మ. "భార్యలు, అమ్మలు. మీకు ఇష్టమైతేనే. బలవంతం ఏమీ లేదు."

టేపమ్మ రెండో మాట లేకుండా ఒప్పుకుంది. సైన్సు మీద గౌరవంతో కాదు. అతను ఎక్కడ పడుకుని ఏం చూశాడో తనూ అక్కడే పడుకుని చూడాలి, అంతే.

ఆ రోజున మొగుడు కూడా వెంట వచ్చాడు. మెషీను నడిపే బట్టతలాయన ఆమె చెవి దిద్దులు, జడపిన్నులు, మెడలో టేపు, అన్నీ తీయించాడు. చేతిలో రబ్బరు బుడ్డి ఒకటి పెట్టి, "భయమేస్తే ఇది నొక్కండి, వెంటనే బయటికి తీస్తాం" అన్నాడు. బల్ల మెల్లగా గొట్టంలోకి జరిగింది. నలుగురు మేస్త్రీలు తల చుట్టూ నిలబడి గోడ పగలగొడుతున్నట్టు మోత మొదలైంది.

కళ్ళకెదురుగా బొమ్మలు. కుర్చీ. కొళాయి. పిల్ల ఫొటో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. చెట్టు.

సీసా.

టేపమ్మ ఒళ్ళు బిగుసుకుపోయింది. బొమ్మే అని తెలుసు. అయినా చూపు తిన్నగా పోయి సీసా లోపలి మందు గీత మీద వాలింది. సగం పైన ఉంది. అంటే ఇప్పుడే మొదలెట్టాడు. ఇంకా రెండు గ్లాసులు పట్టిస్తాడు. పిల్ల బడి నుంచి వచ్చేసరికి... ఆ మోతలో కూడా చెవులు మూత తిరిగే చప్పుడు కోసం వెతుకుతున్నాయి. ముక్కు వాసన పీలుస్తోంది. బొమ్మ మారింది. మొగుడి ఫొటో. ఆమె అతని మొహం చూడలేదు. కళ్ళల్లో ఎరుపుందా లేదా అని చూసింది. చూశాకగాని తెలియలేదు, తను చూసింది అదేనని.

మళ్ళీ గ్లాసు. రబ్బరు బుడ్డి నొక్కేసింది.

బయటికి తీశారు. డాక్టరమ్మ ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఏమీ అడగకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడంతోనే టేపమ్మకి గట్టు తెగింది.

"నేనూ దాన్నే చూస్తున్నానమ్మా" అంది. "ఇన్నేళ్ళూ ఆయన నా వంక చూడట్లేదని ఏడ్చాను. నేను మాత్రం ఆయన వంక చూశానా? గ్లాసు కింద పెట్టే చప్పుడుని బట్టి ఎంత తాగాడో చెప్పేదాన్ని. మనిషి ఎదురుపడితే ముందు వాసన, తర్వాత కళ్ళు, తర్వాత సీసా. మొహం ఎలా ఉందో చూసిందెప్పుడు? వంతెన సంగతి మనసులో పెట్టుకుని కుమిలిన రోజుల్లో కూడా నేను వాసనే చూసుంటాను."

ఇంకా చెప్పింది. ఎవరికీ చెప్పనిది కూడా చెప్పింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నాలో లేనిది దీంట్లో ఏముందో చూద్దామని, అతని సీసాలో మిగిలిందంతా తనే గ్లాసులో పోసుకుని తాగేసింది. గొంతు మండిపోయింది. ఇల్లు గిర్రున తిరిగింది. వాంతి చేసుకుని, అంతా కడిగి పడుకుంది. సాయంత్రం అతను ఖాళీ సీసా చూసుకుని, ఎప్పుడు తాగేశానో కూడా గుర్తులేకుండా పోతోందని తల పట్టుకుని కూర్చుంటే, నోరు మెదపకుండా చూస్తూ ఊరుకుంది. "నా పాపం ఆయన నెత్తిన పెట్టాను. బాగైందిలే అనుకున్నాను కూడా."

చెబుతూ చెబుతూ ఒకసారి నవ్వింది, ఒకసారి ఏడ్చింది. డాక్టరమ్మ చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

తలుపుకి నిలువుగా అద్దం ముక్క ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న డ్రైవరుకి అందులోంచి అంతా కనిపిస్తోంది, ఏదీ వినిపించడం లేదు. వినిపించకపోవడమే అతనికి చెడ్డ ఇదిగా ఉంది. తన పెళ్ళాం అన్ని మాటలు మాట్లాడగలదని అతనికి తెలియదు. లేచాడు, వసారాలో అటూ ఇటూ తిరిగాడు, మళ్ళీ అద్దం దగ్గరికొచ్చాడు.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. అక్కడ అతనే మొదలెట్టాడు.

"ఏం చెప్పావు అంతసేపు?"

"ఏం లేదు, ఊరికే."

"ఊరికే అయితే ఏడుపెందుకు? నా గురించేగా?"

"మీ గురించి మీరు చెప్పుకోలేదూ? నా గురించి నేను చెప్పుకున్నాను."

"నాతో ఎప్పుడైనా అంతసేపు మాట్లాడావా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా పలికింది.

టేపమ్మ అతని వంక చూసింది. ఎరుపు కోసం కాదు. కనుబొమలు ముడిచి, పెదవి బిగించి, కుళ్ళుతో ఉడికిపోతున్న మొహం. ఆ మొహం ఆమెకి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేది అదే. నవ్వు తన్నుకొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. కోపంలో ఎప్పుడూ అనే "మీరు" జారిపోయింది.

"నువ్వు వంతెన సంగతి చెప్పావా నాకు? అది చెప్పు ముందు. తర్వాత నేను చెబుతాను."

ఎక్కాల్సిన బస్సు వచ్చింది. ఎక్కలేదు. దాని తర్వాతదీ పోయింది. అతను పొగమంచు గురించి చెప్పాడు, కాలికింద బ్రేకు పెడల్ నేలకంటినా బండి ఆగకపోవడం గురించి, వెనక సీట్లలోంచి వినిపించిన గురక గురించి. ఆమె తన మధ్యాహ్నం గురించి చెప్పింది. అతను నోరు తెరిచి విన్నాడు.

"అది నువ్వా? ఎన్నాళ్ళు భయపడ్డానో తెలుసా, మతి పోతోందేమోనని!"

"తెలుసు" అంది. "అందుకే చెప్పలేదు."

కాపురం ఆ పూటతో కడిగిన ముత్యం కాలేదు. అతను పరిశోధనశాలకి వెళ్ళే రోజుల్లో ఆమెకి కొట్లో చెయ్యి కుదురుగా ఉండేది కాదు. "డాక్టరమ్మ చెప్పింది" అన్న మాట వింటే లోపల చురుక్కుమనడం పోలేదు. అతనూ అంతే. ఆమె తన వంతు పరీక్షకి వెళ్ళొస్తే, "ఏమందేంటి మీ చెల్లెలు?" అని పుల్లవిరుపుగా అడిగేవాడు.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో డిపోవాళ్ళు అతనికి స్టీరింగు తిరిగి ఇవ్వడం కుదరదని తేల్చేశారు. ఆ సంగతి టేపమ్మకి తెలిసింది కొట్లోనే. ఆమె నిచ్చెన ఎక్కి కర్టెన్ రాడ్డుకి కొలత తీస్తుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు, షెడ్డు బూట్లతోనే, మోకాళ్ళ దాకా తడిసి.

"ఒక్కసారి బయటికి రావా?"

వెనక పెరట్లో గుడ్డల బేళ్ళ మధ్యకి తీసుకెళ్ళింది. అతను తలొంచుకున్నాడు.

"స్టీరింగు ఇక ఇవ్వరట. తాగాను. డిపో వెనక. పూర్తిగా తాగలేదు, సగంలో పారబోశాను. కానీ తాగాను."

వాసన అప్పటికే ఆమె ముక్కుకి తగిలింది. అరవాలి. చేతిలో టేపుతో నాలుగు తగిలించాలి. ఇన్ని నెలల కష్టం గంగలో పోయిందని కూలబడాలి. నోరు తెరిచింది గాని బయటికి వచ్చిన మాట వేరు.

"డాక్టరమ్మకి చెప్పారా?"

"లేదు. ముందు నీ దగ్గరికే వచ్చాను."

ఆ మాటకి టేపమ్మ గుండెలో సంతోషం పొంగింది. మొగుడు మళ్ళీ తాగి ఎదురుగా నిలబడితే సంతోషం! సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. మొహం పక్కకి తిప్పుకుని బేలు మీద దుమ్ము దులిపింది. ఎంత దులిపినా ఆ సంతోషం పోలేదు.

"ఇప్పుడు ఫోను చెయ్యమంటావా ఆవిడకి?" అన్నాడు. "దాచకూడదు అంది. మళ్ళీ జారడం చాలామందికి అవుతుందట, వెంటనే చెబితే నయమట."

"చేద్దాం. చెయ్యకుండా ఎలా ఉంటాం?" అంది. ఫోను తీసి సంచిలో వేసి జిప్పు లాగింది. బేలు మీద అతనికి చోటు చూపించి పక్కనే కూర్చుంది. "కాసేపాగి చేద్దాం. ముందు మొత్తం నాకు చెప్పండి."